నలువది గళ్ళ సంచి

భోగినాటి తెల్లవారుజామున మంటలో వేయుటకై విఱిగిన కుర్చీ నొకదానిని వీధిలోనికి మోసికొనిపోయి, దాని కాళ్ళలో రెండింటికి ఇంకను బలమున్నదను సాకుతో మరల పెరటిలోనికే చేర్చినవాడను గనుక, ఆనాటి మధ్యాహ్నము మా వసారాలో జరిగిన వాగ్వాదమునకు నేను నిష్పక్షపాతియగు సాక్షిని గానని ముందే ఒప్పుకొనుచున్నాను.

వాదులాడినవారు నా అల్లుడును, నా కుమారుడును. అల్లుడు ధాన్యపు గిడ్డంగిలో లెక్కలు వ్రాయువాడు. ఏ బస్తా యెంత చోటు తినునో కన్నులతోనే కొలిచి చెప్పగలడు. కుమారునకు మందుల కొట్టు కలదు. అందు ప్రతి మాత్రకు నొక అఱ, ప్రతి అఱకు నొక చీటీ. వివాదమునకు మూలము ధాన్యమును గాదు, ఔషధమును గాదు. డయాబ్లో అను కంప్యూటరు ఆటలో, రాక్షసులను చంపి తెచ్చుకొను కొల్లసొమ్మును దాచుకొనుటకు ఆటగాని కిచ్చిన సంచి అంత యిఱుకుగా నుండుట న్యాయమా, అన్యాయమా అనునదే విషయము. 17 ఏండ్లుగా వారి వెనుక కుర్చీ వేసికొని చూచుచుండుటచే ఆ సంగతులు నాకును కొంత పట్టుబడినవి. వారు మాటాడినది ఇంటి తెలుగే, సగ మాంగ్లముతో కలిపి. జీవితమంతయు బడిలో తెలుగు చెప్పిన అలవాటు చేత దానిని నా భాషలోనికి దించి వ్రాయుచున్నాను. ఇన్వెంటరీని సంచి యనియు, స్టాష్‌ను పెట్టె యనియు, చార్మ్‌లను తాయెత్తు లనియు నేను వ్రాయుట చూచి వారిద్దఱును నవ్వుదురు. నవ్వనిండు.

అల్లుడు ల్యాప్‌టాప్‌లో రెండవ డయాబ్లో ఆడుచు ఒక రాక్షసుని కూల్చెను. దాని ప్రక్కన పసుపుపచ్చని అక్షరములతో నొక కవచము పడినది. దాని నెత్తుటకు సంచిలో చోటు చాలక, ఆయన వస్తువుల నిటు జరిపి అటు జరిపి అయిదు నిమిషములు గడపెను. నా కుమారు డంతవఱకు ఓర్చుకొనుటయే గొప్ప.

మఱది: బావగారూ, రాక్షసునితో మీరు చేసిన యుద్ధము అర నిమిషము, సంచితో చేయుచున్న యుద్ధము అయిదు నిమిషములు. ఇంతకు ఆటలో శత్రువు ఎవరండీ?

బావ: సంచియే. రాక్షసులు దానికి బంటులు. కూర్చుండి చూడుము. సంచి పది గళ్ళ వెడల్పు, నాలుగు గళ్ళ యెత్తు. మొత్తము 40 గళ్ళు. హొరాడ్రిక్ క్యూబు 4 గళ్ళు తినును. అది తన కడుపులో 12 గళ్ళ చోటు చూపును గనుక దానిని నష్టపు పద్దులో వ్రాయరాదు, కాని ఇప్పుడదియు నిండియున్నది. టౌన్ పోర్టల్ పొత్తము 2 గళ్ళు, ఐడెంటిఫై పొత్తము 2 గళ్ళు. పెద్ద తాయెత్తులు ఆఱు; ఒక్కొక్కటి నిలువుగా 3 గళ్ళు, అనగా 18. చిన్న తాయెత్తులు మూడు, 3 గళ్ళు. అమ్ముటకు తెచ్చిన మంత్రదండ మొకటి, నిలువుగా 2 గళ్ళు. మొత్తము 31. మిగిలిన ఖాళీ 9. కవచమునకు వలసినది రెండు వెడల్పు, మూడు ఎత్తు, అనగా 6 గళ్ళు.

మఱది: తొమ్మిదిలో ఆఱు పట్టదా?

బావ: పట్టదు. అందే చమత్కార మున్నది. నాలుగు గళ్ళ యెత్తులో మూడు గళ్ళ తాయెత్తు నిలిచిన పిమ్మట దాని క్రింద నొక్క గడియే మిగులును. ఆఱు తాయెత్తులు ఆఱు నిలువు వరుసలను మ్రింగినవి. మిగిలినవి నాలుగు వరుసలు. కవచము వానిలో రెంటిని ఆక్రమించి, క్రింద చెఱియొక గడి వదలును. క్యూబు, పొత్తములు, దండము అన్నియు రెండేసి గళ్ళ యెత్తు గలవి. అవి యన్నియు కలిసి 10 గళ్ళు. ఉన్నవి రెండు వరుసలు, 8 గళ్ళు. ఈ ఆటలో వస్తువును అడ్డముగా త్రిప్పుటకు వీలులేదు. కావున నీవెన్ని విధముల సర్దినను ఆ కవచము రాదు. దండమైనను పోవలెను, తాయెత్తైనను పోవలెను. ఈ సంగతి తెలిసికొనుటకే నాకు అయిదు నిమిషములు పట్టినది.

(ఇది విని నేను కాగితము తీసి గళ్ళు గీచి చూచితిని. ఆయన లెక్క నిజమే.)

మఱది: లెక్క బాగున్నది, లెక్కకు అర్థమే లేదు. అయిదు కవచములు వీపున మోయగలవాడు ఆఱవదానిని మోయలేడా? ఉంగరమున కొక గడి యట, అంబులపొది కొక మూడు గళ్ళట. అర్జునునకు ఖాండవదహన వేళ వరుణుడు అక్షయతూణీర మిచ్చెను. మీ ఆటలోని అమెజాన్ విలుకత్తె అంబులపొది మాత్రము యుద్ధమధ్యమున నిండుకొనును. యంత్రములో బరువన్నది లేదు, చోటన్నది లేదు. లేని యిఱుకును కల్పించి మనచేత సర్దించుచున్నారు.

బావ: సహజత్వము కొఱకు పెట్టిన హద్దని నేనెప్పుడంటిని? 1996 చివర కాలిఫోర్నియాలో బ్లిజార్డ్ నార్త్ వారు మొదటి డయాబ్లోను వెలువరించినపుడు ఇంతకంటె కఠినముగా నుండెను. సంచి ఇదే 40 గళ్ళు. అందు బంగారము కూడ చోటు తినుచుండెను, గడికి 5,000 చొప్పున. ధనవంతు డగుకొలది చోటు లేనివా డగుచుండెను. ఇంటికి పెట్టెయే లేదు. ఒంటరిగా నాడువారు తమ సొత్తును ట్రిస్ట్రమ్ ఊరినడుమ నేలమీదనే పఱచుకొనెడివారు. నే నాడిన నాళ్ళలో మా ఊరి వీధిలో శిరస్త్రాణములు, డాళ్ళు ఆరబెట్టిన వడియములవలె నుండెడివి.

మఱది: దానిని మీరు గొప్పగా చెప్పుచున్నారు!

బావ: గొప్పగా గాదు, కారణముతో చెప్పుచున్నాను. ఈ లోకములో రాక్షసుడు చచ్చినపుడెల్ల వస్తువులు రాలును. రాలినదానికి ఖరీదు లేదు, ఎత్తుకొనుటకే ఖరీదు. ఆ ఖరీదును బంగారముతో గాక గళ్ళతో చెల్లింపవలెను. హెల్ అను కఠినమైన దశలో దుకాణదారుడు ఏ వస్తువునకైనను 35,000కు మించి యీయడు. ఆ ధర పలుకు కవచము 6 గళ్ళు తినును. గడికి 5,833 వచ్చినది. అదే ధర పలుకు మంత్రదండము 2 గళ్ళే, గడికి 17,500. ఈ లెక్క తెలిసినవాడు ధగధగలాడు ఇనుమును దాటిపోయి, ఎండుపుల్లవలె పడియున్న దండమునకు వంగును. గళ్ళే లేకున్న ఆ పుల్లకును ఆ యినుమునకును భేద మేమున్నది? రెండును తెచ్చెదవు, రెండును అమ్మెదవు.

మఱది: ఇప్పుడును రెండును తేవచ్చును! టౌన్ పోర్టల్ తెఱచి ఊరికి పోయి, దండ మమ్మి, మరల వచ్చి కవచ మెత్తుకొనవచ్చును. మీరు లెక్కించిన అయిదు నిమిషములలో అయిదుసార్లు పోయి రావచ్చును. కావున మీ హద్దు దేనిని నిషేధింపలేదు. మిమ్ములను నడిపించినది, అంతే. దానిని వివేకమనుట యెందుకు, సంతకు పోయి వచ్చుట యనుడు.

ఇచ్చట అల్లుడు తడబడెను. నా దృష్టిలో ఆ మధ్యాహ్నము కుమారుడు వేసిన మొదటి గట్టి దెబ్బ యిదే. ఊరికి త్రోవ యెప్పుడును తెఱచియుండునపుడు, సంచి యిఱుకనుట విరహము గాదు, ఆలస్యము మాత్రమే.

మఱది: ఆ నడక వ్యర్థమని మీ బ్లిజార్డ్ నార్త్ స్థాపకులకే తోచినది. వారిలోని షేఫర్ సోదరులు తరువాత ఇతరులతో కలిసి రూనిక్ గేమ్స్‌ను స్థాపించి 2009లో టార్చ్‌లైట్ చేసినపుడు, మన వెంట నొక కుక్కనో పిల్లినో పంపిరి. సంచి నిండినపుడు దాని మెడకు మూట గట్టి ఊరికి పంపినచో, అమ్మి డబ్బు తెచ్చును. మనము పోరాడుచుండవచ్చును.

బావ: కుక్క ఊరికి పోయినంతసేపు ప్రక్కన కఱచుటకు కుక్క యుండదు గదా! ఖరీదు మాఱినది గాని పోలేదు. అయినను నీ మాటలో నిజ మున్నది, ఒప్పుకొందును. మొదట సంచి కేవలము సంతబుట్టయే. దానిని మార్చినవి 2001లో లార్డ్ ఆఫ్ డిస్ట్రక్షన్‌తో వచ్చిన యీ తాయెత్తులు. ఇవి సంచిలో నున్నంతవఱకే పనిచేయును. పెట్టెలో దాచిన పనిచేయవు, క్యూబులో దాచినను పనిచేయవు. ఒకటి ప్రాణము పెంచును, ఒకటి అగ్నిని తట్టుకొను శక్తి నిచ్చును, ఒకటి నైపుణ్యము హెచ్చించును. అంతవఱకు దోచినదానిని మోయుటకైయున్న సంచి, ఆనాటినుండి ఒంటిమీది కవచమువలెనే దేహమున కంగమైనది. ఈ 40 గళ్ళలో ప్రతి గడియు నన్నడుగుచున్నది: బలము కావలెనా, ఆశ కావలెనా? సంచినిండ తాయెత్తులు పెట్టుకొన్నవాడు యముని కెదురు నిలుచును గాని, దారిలో పడిన ఉంగరము నైనను ఎత్తుకొనలేడు. సంచి ఖాళీగా నుంచుకొన్నవాడు కనబడిన దెల్ల ఎత్తును, రెండు దెబ్బలకు చచ్చును. ఊరికి పోయి వచ్చుటతో తీరు చిక్కు గాదిది. నీవు చెప్పిన పోర్టల్ దీని నేమి చేయగలదు?

మఱది: ఏమియు చేయలేదు. తాయెత్తుల మాట నేను కాదనను. కాని, బావగారూ, మీరు ఎంచుకొనుట యని వర్ణించుచున్న దంతయు సంచిని గూర్చినది. పెట్టె సంగతి చెప్పరేమి? 48 గళ్ళ పెట్టె నిండినపుడు మీరేమి ఎంచుకొంటిరి? కంచరగాడిదలను పుట్టించితిరి!

కంచరగాడిద యనగా మ్యూల్. ఆటగాండ్రు వాడు మాటకు నేను చేసిన తెనుగు. తన వీరుని పెట్టె నిండినపుడు, పోరాటము చేయని మఱియొక పాత్రను సృష్టించి, దాని సంచిలోను పెట్టెలోను మిగులు సొమ్ము దాచుట. పాత ఆటలో ఒక పాత్రనుండి తన రెండవ పాత్రకు వస్తువు చేర్చుటకు నేరు త్రోవ లేదు. నలుగురు కలిసియాడు ఆటలో దానిని నేలమీద పడవైచి, బయటికి పోయి, రెండవ పాత్ర వేషమున తిరిగి వచ్చి ఎత్తుకొనవలెను. ఆ నడుమ ఆట ఆగిపోయిన వస్తువు మాయమగును. మా అల్లుడు పెండ్లియైన మొదటి సంక్రాంతికి మా యింటికి వచ్చినపుడు, కుంచెడు అరిసెలకంటె పదిలముగా కంప్యూటరు పట్టుకొని వచ్చెను. మా వానికి అప్పుడు 14 ఏండ్లు. రెండు కంప్యూటర్లకు తీగ కలిపి, మా వాని కంప్యూటరులో ఆట తెఱచి, అల్లుడు హార్లెక్విన్ క్రెస్ట్ అను శిరస్త్రాణమును (ఆటగాండ్రు షాకో యందురు) నేలమీద నుంచి బయటికి పోయెను. అప్పుడే వంటయింటినుండి భోజనమునకు పిలుపు వచ్చినది. మా వాడు కంప్యూటరు ఆర్పి లేచెను. ఆర్పిగాని లేవరాదను నియమము మా యింట పెట్టినవాడను నేనే. ఆ పూట అల్లుడు పులిహోర తినలేదు. కారణము మా ఆవిడకు నేటికిని తెలియదు.

బావ: ఆ గాయమును ఇప్పుడు కెలుకుట ధర్మమేనా?

మఱది: ధర్మము కొఱకే కెలుకుచున్నాను. ఆ షాకో పోయినది మీ అవివేకము వలననా? పెట్టెకు చోటు లేకుండుట వలన. అందు ఎంపిక యేమున్నది, బలాశల తూక మేమున్నది? మా కొట్టులో ప్రతి మందునకు నొక అఱ యుండును. అఱలు తక్కువైన మందులు పాఱవేయము, అఱలు చేయించుకొందుము.

బావ: నీవు ఆడు పాత్ ఆఫ్ ఎగ్జైల్‌లో అఱలు చేయించుకొనుటకు వడ్రంగికి ఎంత యిచ్చుచున్నావో చెప్పరాదా?

ఇప్పుడు తడబడుట కుమారుని వంతైనది. న్యూజిలాండులోని ఆక్లండు నుండి గ్రైండింగ్ గియర్ గేమ్స్ వారు 2013లో వెలువరించిన ఆ ఆట ఆడుట కుచితము. సంచి 60 గళ్ళు. 144 గళ్ళ పెట్టెలు నాలుగు ఊరకనే యిత్తురు. అంతకు మించి కావలసిన నిజమైన డబ్బు పెట్టి కొనవలెను. 576 గళ్ళ పెట్టె కలదు. ఒక్కొక్క జాతి నాణెమునకు ఒక్కొక్క గూడు గల పెట్టె కలదు; మా వాని మందుల కొట్టునకు అచ్చముగా తమ్ముడు.

మఱది: కొంటిని. ఎన్నియో చెప్పను, నాన్నగారున్నారు. కాని మీరు నా వాదమునే బలపఱచితిరి. హద్దు వివేకము నేర్పుటకైనచో దానిని అంగడిలో పెట్టి యమ్ముదురా? ఆకలి పుట్టించి అన్న మమ్ముట యిది. దీనికంటె లాస్ట్ ఎపాక్ వారు నయము. 2024లో పూర్తిగా విడుదలైన ఆ ఆటలో పెట్టెలను ఆటలోని బంగారముతోనే కొనవచ్చును. ఇక 2023 నాటి నాలుగవ డయాబ్లోలో పెట్టె యెందుకు చాలదని అడిగిన ఆటగాండ్రకు నిర్మాత లిచ్చిన కారణము వింటిరా? దారిలో నొక ఆటగా డెదురైనపుడెల్ల వాని పెట్టెలోని సొత్తంతయు యంత్రము మోయవలసి వచ్చునట. వివేకమును గాదు, వేదాంతమును గాదు, యంత్రపు ఆయాసము.

బావ: ఉచితముగా నాట యిచ్చువాడు ఏదో యొకటి అమ్మక బ్రదుకుట యెట్లు? కత్తికి పదు నమ్ముటకంటె పెట్టె యమ్ముట మేలు గదా... (కొంతసేపు ఊరకుండి) సరే. కాదు. పెట్టె విషయమున నీవే గెలిచితివి. అయితే యొక మాట వినుము. 2021లో రెండవ డయాబ్లోను క్రొత్త మెఱుగులతో మరల వెలువరించిరి గదా, నే నిప్పు డాడుచున్న దదే. అందు పెట్టెను 48 నుండి 100 గళ్ళకు పెంచిరి. అన్ని పాత్రలకు ఉమ్మడిగా నూఱేసి గళ్ళ అఱలు మూడు కలిపిరి. కంచరగాడిదలకు సెల వొసగిరి. సంచిని మాత్రము ముట్టలేదు. తాయెత్తులకు వేఱు సంచి యిండని యెంతమందో వేడిరి. ఈయలేదు. పాత 40 గళ్ళే. వారికి తెలియును: పెట్టెలోని యిఱుకు కొట్టి పాఱవేయదగినది, సంచిలోని యిఱుకు ఆటకు ప్రాణము.

మఱది: మంచిది. ఆ 400 గళ్ళు నిండుటకు మీ కెన్ని దినములు పట్టినది?

బావ: రెండు నెలలు.

లోపలినుండి మా అమ్మాయి, "మా యింటి అటక ఒక్క నెలలోనే నిండినది నాన్నా, అన్నియు ఖాళీ అట్టపెట్టెలే," అని కేక వేసినది. దానికి వాదములో స్థానము లేదని ఇద్దఱును ఏకగ్రీవముగా తీర్మానించిరి.

మఱది: చోటు పెంచుట చికిత్స గాదనియే నేనును చెప్పుదును. చూపు తగ్గించుట చికిత్స. పాత్ ఆఫ్ ఎగ్జైల్‌లో నేల కనబడకుండ వస్తువుల పేర్లు పఱచుకొనును. అందుచేత ఆటగాడు ఒక చిట్టా వ్రాసికొనును. దానినే లూట్ ఫిల్టరందురు. ఏ జాతి వస్తువు, ఏ లెవెలు, ఎన్ని గళ్ళ వెడల్పు, ఎన్ని గళ్ళ యెత్తు. ఇట్టి నియమములకు లోబడినదే కంటబడును. మిగిలినది పడినను పడనట్లే. విలువైనది పడిన గంట మ్రోగును. మీరు శవము ప్రక్కన కూర్చుండి చేయు విచారణను నేను యుద్ధమునకు ముందే ముగింతును.

బావ: ఆ చిట్టా వ్రాసినది నీవేనా?

మఱది: ఎవరో నిపుణులు వ్రాసినది, దించుకొంటిని. అందఱును అట్లే చేయుదురు.

బావ: అనగా తీర్పును అద్దెకు తెచ్చుకొంటివి. నీ కంటబడనిదానిలో ఏమున్నదో నీకు తెలియదు, తెలియలేదన్న సంగతియు తెలియదు. నాకు ఈ కవచ మేమో తెలియకపోయినను, తెలియదని తెలియును. ఎత్తినగాని దాని గుణము చదువరాదు. చోటు లేనిదే ఎత్తరాదు. దీనిముందు కూర్చుండిన అయిదు నిమిషములు నాకు ఆటకు అంతరాయము గాదు నాయనా, ఆటయే.

మఱది: అట్లయిన పెట్టె తెఱువుడు. పాఱవేయుట తెలిసిన వాని పెట్టె ఎట్లుండునో చూతము.

అల్లుడు వెనుదీసెను. బలవంతము మీద పోర్టల్ తెఱచి ఊరికి పోయి పెట్టె తెఱచెను. మణులు, రూన్‌లు, ఉంగరములు గిడ్డంగిలో బస్తాల దొంతరలవలె వరుస దప్పక యున్నవి. ఒక్క గడి వ్యర్థము లేదు. కుడిచేతి క్రింది మూలను మాత్రము, రూన్‌ల చివర, ఒక గడిలో గులాబివన్నె మాంసపు తునక వంటిది కనబడెను. మా వాడు మౌస్ లాగికొని దానిమీద నుంచెను.

అది చెవి. ఈ ఆటలో ఒక ఆటగాడు మఱియొక ఆటగాని ద్వంద్వములో చంపినచో, ఓడినవాని చెవి నేల రాలును. దానిమీద వాని పేరు, జాతి, లెవెలు వ్రాసియుండును. దానిని ధరింపరాదు, అది ప్రాణము పెంచదు, అగ్నిని ఆపదు. ఈ చెవిమీద నున్నది మా వాని ముద్దుపేరు. దాని క్రింద, లెవెల్ 19 నెక్రోమాన్సర్.

మఱది: ఇది... నేను కంప్యూటరు ఆర్పిన నాటిదా?

బావ: మఱునాటిది. కనుమ నాడు. నీవు మరల సవాలు చేసితివి.

మఱది: షాకోకు చోటు లేని 48 గళ్ళ పెట్టెలో దీనికి చోటిచ్చితిరా?

బావ: షాకో పోయినది గదా. ఆ నాలుగు గళ్ళలో ఒకటి.

మఱది: మూడు కంప్యూటర్లు మార్చితిరి!

బావ: ఫైళ్ళతో పాటు వచ్చినది.

మా వాడు కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, "పాఱవేయుడు బావగారూ, ఒక గడి కలిసివచ్చును," అనెను. అల్లుడు విననట్లు పెట్టె మూసి, దండమును అంగడిలో అమ్మి, పోర్టల్‌లో దూఱి మరల ఆ శవము చెంతకు చేరెను. కవచ మక్కడనే యున్నది. ఎత్తి, ఐడెంటిఫై పొత్తముతో దాని గుణములు చదివెను. ఇద్దఱును ముందుకు వంగిరి, నేనును వంగితిని. ఎందుకును పనికిరానిది. అల్లుడు దానిని అక్కడనే పడవైచి, ఆ ఆఱు గళ్ళ ఖాళీని ఒకసారి చూచికొని, ప్రక్క గది తలుపు తెఱచెను.